రోహిణి కార్తెలో ఫ్యాన్ వద్దన్న మనిషి

మే నెలాఖరు. కావలిలో ఉదయం పదింటికే రోడ్డు మీద మనిషి కనబడని ఎండ. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. ఆ రోజు మా క్లినిక్‌లో కరెంటు రెండుసార్లు పోయింది. వచ్చిన ప్రతిసారీ జనం ఫ్యాన్ కిందికి కుర్చీలు జరుపుకుంటున్నారు. ఒకాయన మాత్రం పొడుగు చేతుల చొక్కాకు మణికట్టు దాకా గుండీలు పెట్టుకుని గోడవార కూర్చున్నారు. మా సిస్టర్‌ని పిలిచి, "ఆ ఫ్యాన్ కాస్త తగ్గించమ్మా, చలేస్తా ఉంది" అన్నారు.

ఆ మాట లోపలి గదిలో ఉన్న నాకు వినబడింది. చేతిలో ఉన్న చీటీ అక్కడే పెట్టేసి బయటికి వచ్చి ఆయన్ని చూశాను. నాలుగు నెలల్లో ఆయన నా దగ్గరికి రావడం అది మూడోసారి. మొదటి రెండుసార్లూ నేను చూడాల్సింది చూడలేదు.

ఈ కేసు రాయడానికి అదొక కారణం. ఇంకోటి కూడా ఉంది. కణంలో లైసోజోమ్ అనే సంచి ఆమ్లంగా ఉంటుందన్న సంగతి మనం ఎంబీబీఎస్ మొదటి ఏడాది చదివి, పరీక్ష రాసి, వదిలేస్తాం. అదే సంగతి ఒక మనిషి కంట్లో నాకు ఎదురుగా కనబడింది. ఆయన అనుమతితోనే రాస్తున్నాను. గుర్తుపట్టగలిగే వివరాలు మార్చాను.

ఆయనకు 58 ఏళ్లు. కావలికి తూర్పున, సముద్రం వైపు రొయ్యల చెరువులున్నాయి. మూడేళ్ల కిందట గుండెపోటు వచ్చింది. తర్వాత గుండె కింది గదుల నుంచి ప్రమాదకరమైన వేగంతో కొట్టుకునే జబ్బు మొదలైతే చెన్నైలో ఐసీడీ పెట్టారు. గుండె లయ తప్పగానే లోపలి నుంచే షాకిచ్చి దారిలో పెట్టే పరికరం అది. ఒక రాత్రి అది మూడుసార్లు షాకిచ్చింది. "గుండె మీద ఎద్దు తన్నినట్టుండింది సార్" అని ఆయనే చెప్పారు. ఆ షాకులు రాకుండా అమియోడరోన్ 200 మిల్లీగ్రాముల మాత్ర రోజూ ఒకటి వేసుకోమన్నారు. మే నాటికి ఆ మందు వాడబట్టి 14 నెలలు. మళ్లీ షాకు రాలేదు. గుండె వేగాన్ని తగ్గించే బీటా బ్లాకర్, కొలెస్టరాల్ తగ్గించే స్టాటిన్, ఆస్పిరిన్, ఒంట్లో నీరు తీసే నీటి మాత్ర కూడా ఉన్నాయి.

ఫిబ్రవరిలో నీరసమని వచ్చారు. గుండె బలహీనంగా ఉన్న మనిషికి నీరసం ఉండదా అనుకున్నాను, నాడి 54 ఉంటే బీటా బ్లాకర్ వల్లేనని రాసుకున్నాను. ఏప్రిల్‌లో మొహం ఉబ్బు, కాళ్ల బరువు, మలబద్ధకం. బరువు నాలుగు కిలోలు పెరిగింది. గుండె వల్ల నీరు పడుతోందని నీటి మాత్ర డోసు పెంచాను. కాలి మీద వేలు పెట్టి నొక్కితే గుంట పడలేదు. అది నా నోట్సులో నా చేతిరాతతోనే ఉంది. గుంట పడని వాపు గుండె వల్ల వచ్చే నీరు కాదని నాకు తెలుసు. తెలిసీ ముందుకెళ్లిపోయాను. ఇప్పటికీ ఆ గీతను చదవడం నాకు కష్టంగానే ఉంటుంది.

మూడోసారి వచ్చినప్పుడు ఆయన్ని కుర్చీ మీద మోకాళ్లతో నిలబెట్టి, పాదాలు వెనక్కి వేలాడేలా ఉంచి, మడమ పైనున్న స్నాయువును (టెండన్) సుత్తితో తట్టాను. పాదం గబుక్కున కదిలింది. తిరిగి రావడం మాత్రం నెమ్మదిగా, ఒక్కో మెట్టూ దిగుతున్నట్టు వచ్చింది. థైరాయిడ్ మందగించిందనడానికి అదొక గుర్తు. పక్కనున్న సిస్టర్ కూడా గమనించి నా వైపు చూసింది. మాట బొంగురుపోయింది. వాళ్లావిడ అప్పుడు చెప్పారు: "ఫోన్‌లో ఈయన గొంతు విని వేరే మనిషనుకుంటా ఉండారు సార్." ఈ మాట ఏప్రిల్‌లోనే నేను అడిగుంటే అప్పుడే చెప్పేవారు.

సాయంత్రానికి రిపోర్టులొచ్చాయి. టీఎస్‌హెచ్ 54. థైరాయిడ్‌ని పనిచేయమని మెదడు కింది పిట్యూటరీ గ్రంథి పంపే కబురు అది, థైరాయిడ్ మందగిస్తే పెరుగుతుంది. థైరాయిడ్ హార్మోన్ ఫ్రీ టీ4 0.5, అంటే ఉండాల్సిన కనీసానికి బాగా తక్కువ. థైరాయిడ్ మీద శరీరం తానే తయారుచేసుకునే యాంటీబాడీలు ఎక్కువగా ఉన్నాయి. సోడియం తగ్గింది, కండరాల ఎంజైమ్ పెరిగింది, స్టాటిన్ వేసుకుంటున్నా కొలెస్టరాల్ పెరిగింది. ఇవన్నీ థైరాయిడ్ మందగించినప్పుడు దాని వెంటే వచ్చేవి. పాత ఫైలు మొత్తం మళ్లీ తిరగేశాను. అమియోడరోన్ మొదలుపెట్టే ముందు చెన్నైలో చేసిన టీఎస్‌హెచ్ 5.9, కొంచెం ఎక్కువ. డిశ్చార్జి కాగితం మూడో పేజీలో "ఆరు నెలలకోసారి థైరాయిడ్ పరీక్ష" అని ఉంది. కాగితం ఫిబ్రవరి నుంచీ నా ముందే ఉంది.

సరుకు ఉంది, బయటికి రావాలి

రిపోర్టు చూపించగానే ఆయన అడిగిన మొదటి ప్రశ్న: "ఏంది సార్, గుండెకిచ్చిన మందు గొంతుకెట్టా తగిలింది?"

మంచి ప్రశ్న. దీనికి జవాబు చెప్పాలంటే థైరాయిడ్ ఎలా పనిచేస్తుందో కాస్త లోపలికెళ్లి చూడాలి. మిగతా గ్రంథులకూ దీనికీ ఒక పెద్ద తేడా ఉంది. ఇది సరుకు తయారుచేసి నిల్వ పెట్టుకుంటుంది, రెండు మూడు నెలలకు సరిపడా. సూక్ష్మదర్శినిలో చూస్తే చిన్న చిన్న గుండ్రటి గదులు కనబడతాయి. గది చుట్టూ ఒక వరస కణాలు, మధ్యలో చిక్కటి జిగురు. ఆ జిగురే కొల్లాయిడ్. అందులో ఎక్కువ భాగం థైరోగ్లోబ్యులిన్ అనే ప్రొటీన్. దాని అణుభారం సుమారు 6,60,000. రెండు సగాలు, ఒక్కో సగంలో 2,700కు పైగా అమైనో ఆమ్లాలు. ఇంత పెద్ద ప్రొటీన్ నుంచి చివరికి దొరికే థైరాక్సిన్ (టీ4 హార్మోన్) అణువులు రెండో మూడో, అంతే. మూడు ముంజల కోసం తాడిచెట్టు మొత్తాన్ని నరికినట్టు.

నరకక తప్పదు. హార్మోన్ ఆ ప్రొటీన్ గొలుసులోనే ఒక పూసగా ఉంటుంది, గొలుసు తెగితే గానీ పూస చేతికి రాదు. పిట్యూటరీ నుంచి టీఎస్‌హెచ్ కబురు అందగానే కణం కొల్లాయిడ్‌ని బుక్కెడు బుక్కెడుగా మింగుతుంది. ఆ బుక్క వెళ్లి లైసోజోమ్‌లో కలుస్తుంది. గొలుసును ముక్కలు చేసే కెథెప్సిన్ ఎంజైములు అక్కడున్నాయి. పూసలు విడివడి రక్తంలోకి వెళతాయి. హార్మోన్‌గా మారకుండా మిగిలిన అయోడిన్‌ని కణం ఏరుకుని మళ్లీ వాడుకుంటుంది, చుక్క వృథా పోనివ్వదు.

క్రిస్టియన్ డి డూవ్ 1955లో లైసోజోమ్‌కు ఆ పేరు పెట్టారు. 1974లో నోబెల్ వచ్చింది. ఈ సంచి గొప్పదనమంతా దాని పులుపులో ఉంది. కణద్రవం పీహెచ్ 7.2 దగ్గర ఉంటే లైసోజోమ్ లోపల 4.5 నుంచి 5. ఒక్క అంకె తగ్గితే ఆమ్లత్వం పదింతలు పెరిగినట్టు, కాబట్టి ఇది వందల రెట్ల తేడా. ఆ పులుపులో ప్రొటీన్ ముడతలు విప్పుకుని కోతకు అనువుగా తయారవుతుంది. కెథెప్సిన్లు కూడా నిద్రలో ఉన్నట్టు పుట్టి, ఆ పులుపు తగిలాకే పనికి లేస్తాయి. పొరపాటున సంచి చిట్లి బయటపడితే, కణద్రవంలో వాటి పదును చాలావరకు తగ్గిపోతుంది. కణం తన కత్తుల్ని తనకే తగలకుండా పెట్టుకున్న ఏర్పాటు అది. ఇది తలుచుకున్నప్పుడల్లా నాకు ఒళ్లు పులకరిస్తుంది.

ఒకసారి కూర్చుని లెక్క వేశాను. అర మైక్రాన్ వ్యాసమున్న లైసోజోమ్‌లో పీహెచ్ 4.7 ఉండాలంటే స్వేచ్ఛగా తిరిగే ప్రోటాన్లు, అంటే పులుపునిచ్చే హైడ్రోజన్ అయాన్లు, ఎన్ని కావాలి? ఎనిమిది వందల లోపే. అదే సంచి 7.2 దగ్గర ఉంటే రెండో మూడో. అయినా ఆ కొన్ని వందల్ని నిలబెట్టుకోవడం తేలిక కాదు. లోపలికి వచ్చిన ప్రోటాన్లలో చాలావాటిని అక్కడి ప్రొటీన్లే పట్టేసుకుంటాయి. ఇంకొన్ని గోడలోంచి మెల్లగా కారిపోతుంటాయి. అందుకని గోడలో ఒక పంపు ఉంటుంది, పేరు వీ-ఏటీపీయేజ్. కణానికి ఇంధనం లాంటి ఏటీపీని ఖర్చు చేసి నిజంగానే గిర్రున తిరుగుతుంది, తిరిగినకొద్దీ ప్రోటాన్లని లోపలికి తోస్తుంది.

పంపు ఒక్కటే ఉంటే చాలదు. ప్రోటాన్లు లోపలికి వచ్చేకొద్దీ ధనావేశం పేరుకుంటుంది, ఆ ఒత్తిడికి పంపు ఆగిపోతుంది. మూతి సన్నటి బిందెను నీళ్లలో ముంచితే గాలి బయటికి వెళ్తేనే నీళ్లు లోపలికి వస్తాయి కదా, అలా ఆవేశాన్ని సర్దే దారి కావాలి. క్లోరైడ్‌ని లోపలికి తెచ్చే సీఎల్‌సీ-7 లాంటి ద్వారాలు ఆ పని చేస్తాయి.

ఇదంతా ఆయనకు చెప్పడం నేను భయపడినంత కష్టం కాలేదు. పంపు గురించి మొదలుపెట్టగానే, "ఏరేటర్ మాదిరి" అన్నారాయన, చెరువు నీళ్లలో గాలి కలిపే యంత్రాన్ని తలుచుకుని. అర్ధరాత్రి కరెంటు పోతే జనరేటర్ వేయడానికి చెరువు గట్టు మీదికి పరిగెత్తే మనిషికి, నిమిషం ఆగకూడని యంత్రమంటే ఏమిటో నేను చెప్పక్కర్లేదు.

అమ్మోనియా లెక్క

పీహెచ్ అంటే ఆయనకు నాకంటే బాగా తెలుసు. రోజూ తెల్లవారుజామున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి చెరువు నీళ్లు పరీక్ష చేసి చిన్న నోటుబుక్కులో రాసుకుంటారు. ఏడున్నర నుంచి ఎనిమిదిన్నర మధ్య ఉండాలి, పొద్దుటికీ సాయంత్రానికీ అర పాయింటుకు మించి తేడా రాకూడదు. ఆ పుస్తకం చొక్కా జేబులోనే ఉంది.

"పీహెచ్ పెరిగితే అమ్మోనియాతో ఏమవుతుంది?" అని అడిగాను.

"చంపేస్తాది సార్. అదే అమ్మోనియా, పీహెచ్ తక్కువుంటే అంత చెయ్యదు."

నాకు కావలసింది ఆ మాటే. అమ్మోనియా ఒక బలహీన క్షారం. పీహెచ్ పెరిగినప్పుడు అది ఆవేశం లేకుండా ఉంటుంది, రొయ్య మొప్పల్లోంచి సులువుగా దూరిపోతుంది. పీహెచ్ తగ్గితే దానికో ప్రోటాన్ అతుక్కుంటుంది. ఆవేశం వచ్చాక పొరలోంచి దూరడం కష్టం. అమియోడరోన్ కూడా బలహీన క్షారమే, పైగా కొవ్వును ఇష్టపడే మందు. ఆవేశం లేనప్పుడు కణం గోడనూ, లైసోజోమ్ గోడనూ తేలిగ్గా దాటి లోపలికి వెళుతుంది. లోపల పులుపు. వెంటనే ప్రోటాన్ అతుక్కుంటుంది, ఇక బయటికి రాలేదు. వెనకాల ఇంకోటి వస్తుంది, అదీ చిక్కుకుంటుంది. మలేరియాకి వాడే క్లోరోక్విన్ కూడా ఇలాగే లైసోజోమ్‌లో చేరి అక్కడి పులుపును విరిచేస్తుంది. ప్రయోగశాలల్లో లైసోజోమ్‌ని మందగింపజేయడానికి దాన్నే వాడతారు.

లోపల చేరిన అమియోడరోన్ అక్కడి కొవ్వు పదార్థాల్ని కరిగించే ఎంజైముకు అడ్డుపడుతుంది. కరగని కొవ్వు ఉల్లిపాయ పొరల్లా లైసోజోమ్‌లో పేరుకుంటుంది. ఇది ఊపిరితిత్తుల్లో, కాలేయంలో, చర్మంలో, థైరాయిడ్ కణాల్లో ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద కనబడుతుంది. ఏ పులుపు వల్ల థైరాయిడ్ తన హార్మోన్‌ని విడదీసుకోగలుగుతోందో, ఆ పులుపే ఈ మందును లోపలికి లాగి కట్టేస్తోంది. ఈ కేసులో నన్ను పట్టి కూర్చోబెట్టిన సంగతి ఇదే.

దీన్ని కళ్లతో చూడటానికి ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు అక్కర్లేదు. మా వీధిలోనే ఉన్న కంటి డాక్టరు దగ్గరికి ఆ సాయంత్రం ఆయన్ని తీసుకెళ్లాను. రాత్రిళ్లు ఎదురొచ్చే బండి లైటు చుట్టూ రంగుల వలయం కనబడుతోందని ఆయన మాటల్లో చెప్పారు, అందుకు కూడా. గదిలో లైటు ఆర్పి, స్లిట్ ల్యాంప్ సన్నటి వెలుగును కంటి మీద వేసి, డాక్టరు నన్ను కూర్చోమన్నారు. నల్లగుడ్డు మీది పారదర్శకపు పొరలో, మధ్యకు కొంచెం కింద, ఒక చోట మొదలై పక్కలకు విచ్చుకున్న సన్నటి గోధుమరంగు గీతలు. తడి వాకిట్లో చీపురు గీసిన చారల్లా, చివర్లు కొద్దిగా సుడి తిరిగి ఉన్నాయి. రెండు కళ్లలోనూ అంతే. ఒక్కో గీతా మందుతో, కరగని కొవ్వుతో నిండిపోయిన లైసోజోములున్న కణాల వరస. అమియోడరోన్ నెలల తరబడి వాడేవాళ్లలో చాలామందికి ఇవి వస్తాయి, చూపుకు సాధారణంగా ప్రమాదం లేదు. అయినా ఆ చీకటి గదిలో, ఎంబీబీఎస్ పుస్తకంలో చిన్న వృత్తంగా చూసిన వస్తువును బతికున్న మనిషి కంట్లో చూస్తున్నానన్న ఆలోచనతో ఐదు నిమిషాలు లేవలేకపోయాను.

ఒక మాట మాత్రం స్పష్టంగా రాయాలి. ఈయన థైరాయిడ్ ఇంతగా మందగించడానికి లైసోజోమ్‌నే కారణంగా చూపడం తప్పు. పెద్ద వాటా అయోడిన్‌ది. 200 మిల్లీగ్రాముల అమియోడరోన్ మాత్రలో సుమారు 75 మిల్లీగ్రాముల అయోడిన్ ఉంటుంది. అందులోంచి రోజుకు ఆరేడు మిల్లీగ్రాములు విడిగా రక్తంలోకి వస్తాయి. పెద్దవాళ్లకు రోజుకు కావలసింది 150 మైక్రోగ్రాములు, అంటే నలభై రెట్లకు పైగా పడుతోందన్నమాట. అయోడిన్ అంత ఎక్కువైతే గ్రంథి హార్మోన్ తయారీని ఆపుకుంటుంది. దీన్ని 1948లో వుల్ఫ్, చైకాఫ్ అనే శాస్త్రవేత్తలు ఎలుకల్లో చూపించారు. ఆరోగ్యంగా ఉన్న గ్రంథి కొద్ది రోజుల్లో అయోడిన్‌ని లోపలికి తెచ్చుకోవడం తగ్గించుకుని మళ్లీ పని మొదలుపెడుతుంది. యాంటీబాడీలతో ముందే దెబ్బతిన్న గ్రంథికి ఆ తేరుకునే శక్తి ఉండదు. ఈయనది అదే. మందు మొదలుపెట్టక ముందే 5.9 ఉన్న ఆ టీఎస్‌హెచ్ ఈ సంగతే చెబుతోంది.

అయోడిన్ ఎక్కువైతే హార్మోన్ తయారీకే కాదు, విడుదలకూ అడ్డం పడుతుంది. కొల్లాయిడ్‌ని మింగి, కోసి, హార్మోన్ బయటికి వదిలే ఆ పని కూడా నెమ్మదిస్తుంది. 1920ల్లో అమెరికాలోని మేయో క్లినిక్‌లో డాక్టర్ హెన్రీ ప్లమ్మర్, థైరాయిడ్ మితిమీరి పనిచేసేవాళ్లకు ఆపరేషన్ ముందు ఇచ్చిన అయోడిన్ పనిచేసింది ఈ గుణం వల్లే. అమియోడరోన్ ఇంకో పని కూడా చేస్తుంది. రక్తంలోకి వచ్చిన టీ4ని చురుకైన టీ3గా మార్చే ఎంజైముకు అడ్డం పడుతుంది. తయారీ, విడుదల, మార్పు, మూడు చోట్లా దెబ్బ.

మందు ఆపాలా?

ఇంట్లోవాళ్లు అడిగింది అదే. "గొంతుని చెడగొట్టే మందు మనకెందుకు సార్, మానిపిద్దాం" అన్నాడు వాళ్లబ్బాయి. చెన్నైలోని గుండె డాక్టరుతో ఆ రాత్రే ఫోన్‌లో మాట్లాడాను. ఆపవద్దన్నారు, నాదీ అదే అభిప్రాయం. ఒకే రాత్రిలో మూడు షాకులు తిన్న గుండె అది. పైగా ఈ మందు కొవ్వులోనూ లైసోజోముల్లోనూ ఎంతగా ఇంకిపోయి ఉంటుందంటే, ఈ రోజు ఆపినా ఒంట్లో ఉన్నది సగానికి దిగడానికే దాదాపు రెండు నెలలు పడుతుంది. ఆపడం వల్ల థైరాయిడ్‌కు వెంటనే ఒరిగేది లేదు, గుండెకు వెంటనే ప్రమాదం మాత్రం ఉంది. థైరాయిడ్ మందగిస్తే లోటు బయటి నుంచి పూడ్చవచ్చు. అమియోడరోన్ వల్ల థైరాయిడ్ మితిమీరితే మాత్రం లెక్క పూర్తిగా వేరు, అక్కడ నిర్ణయం ఇంత సులువు కాదు.

థైరాయిడ్ హార్మోన్ మాత్ర లెవోథైరాక్సిన్ 25 మైక్రోగ్రాములతో మొదలుపెట్టాం. గుండె దెబ్బతిన్న మనిషికి ఒక్కసారిగా పెద్ద డోసిస్తే లయ తప్పే ప్రమాదం ఉంది. ఎంత తొందరగా ఉన్నా మెట్టు మెట్టుగానే ఎక్కాలి. నేను పెంచిన నీటి మాత్రను తిరిగి తగ్గించాను. ఊపిరితిత్తుల ఎక్స్‌రే, కాలేయం పరీక్షలు బాగున్నాయి.

ఆరు వారాలకు టీఎస్‌హెచ్ 43. నేను అనుకున్నంత దిగలేదు. ఎలా వేసుకుంటున్నారని అడిగితే, తెల్లవారుజామున గట్టు మీద టీతో పాటు వేసుకుంటున్నారని తేలింది. మంచినీళ్లతో అని నేను చెప్పాను గానీ, ఎందుకో చెప్పలేదు. టీ, కాఫీ, ఐరన్, కాల్షియం ఈ మాత్ర ఒంటికి పట్టకుండా చేస్తాయని అప్పుడు వివరంగా చెప్పాను. ఇంట్లోంచి బయల్దేరేటప్పుడే మంచినీళ్లతో మాత్ర, చెరువు మీద నీళ్ల పరీక్షలన్నీ అయ్యాకే టీ. ఆ ఏర్పాటు ఆయనే చేసుకున్నారు. డోసు 50, తర్వాత 75, నవంబరులో 100 చేశాం. అమియోడరోన్ వాడేవాళ్లకు మామూలుకన్నా కొంచెం ఎక్కువే కావలసి వస్తుంది, టీ3గా మారడానికి అడ్డం ఉంది కాబట్టి. సంక్రాంతి ముందు టీఎస్‌హెచ్ 4.1. దాన్ని ఇంకా కిందికి లాగాలని నేను ప్రయత్నించలేదు. ఈ గుండెకు అది చాలు. ఐసీడీలో నమోదైన లెక్కలు చూస్తే ఈ ఏడెనిమిది నెలల్లో ఒక్క షాకూ లేదు.

ఆ రోజు మళ్లీ కుర్చీ మీద మోకాళ్లేయించి మడమ దగ్గర తట్టాను. పాదం కదిలినంత వేగంగానే తిరిగొచ్చింది. గొంతు మామూలైంది. కంట్లో గీతలు మాత్రం అలాగే ఉన్నాయి, మందు ఉన్నంతకాలం ఉంటాయి. చెరువు పీహెచ్ రాసే నోటుబుక్కు చివరి పేజీలో టీఎస్‌హెచ్ తేదీలు, అంకెలు వరసగా రాసుకున్నారు. నా ఫైలు కంటే అదే పొందికగా ఉంది.

అమియోడరోన్ మొదలుపెట్టిన తొలి మూడు నెలల్లో టీఎస్‌హెచ్ కొద్దిగా పెరగడం మామూలే. చాలామందిలో దానంతటదే సర్దుకుంటుంది, ఆ అంకె చూసి కంగారుపడి మందులు మొదలుపెట్టకూడదు. కానీ చూడటమే మానేయకూడదు. మొదలుపెట్టే ముందు ఒకసారి, మూడు నెలలకు ఒకసారి, ఆపైన ఆరు నెలలకోసారి, మందు ఆపేశాక కూడా కనీసం ఒక ఏడాది.

జూన్ మొదటి వారంలో క్లినిక్ ఫైళ్లన్నీ తీయించి, అమియోడరోన్ వాడేవాళ్లను విడిగా పెట్టించాను. తొమ్మిది మంది. వాళ్లలో నలుగురికి ఏడాదిగా టీఎస్‌హెచ్ పరీక్షే లేదు. సిస్టర్ కూర్చుని అందరికీ ఫోన్లు చేసింది. ముగ్గురొచ్చారు. ఇద్దరికి బాగానే ఉంది. బిట్రగుంట వైపు నుంచి వచ్చిన ఒకావిడకు 16 ఉంటే, ఇంకో నెలకు మళ్లీ చూసి మందు మొదలుపెట్టాం. నాలుగో ఆయన ఫోన్ కలవలేదు. ఊరు తెలుసు కాబట్టి, ఆ ఊరి ఆశా కార్యకర్తకు చీటీ రాసి పంపాను.